డఫీస్ టావెర్న్‌లో ఆ డఫీ ఎప్పుడూ రాడా? ఎక్కడి నుంచి వినాలి?

రాత్రిషిఫ్ట్:

చీర్స్ (బోస్టన్‌లో ఓ బారు చుట్టూ తిరిగే అమెరికన్ టీవీ కామెడీ) మొత్తం చూసేశాక దాని గురించి ఎక్కడ చదివినా ఒక పేరు తగులుతోంది, డఫీస్ టావెర్న్ అని, అంటే డఫీ గారి బారు. 1940లలో అమెరికా రేడియోలో వచ్చిన కామెడీ, న్యూయార్క్ థర్డ్ ఎవెన్యూలో ఓ పాడుబడ్డ బారు, దానికో మేనేజరు, వచ్చేపోయే జనం, అంతే కథ. సరే చూద్దాం అని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికినవి కొన్ని దించుకుని ఏ వరుసా లేకుండా విన్నాను. కొన్నిచోట్ల పడీ పడీ నవ్వాను, కొన్నిచోట్ల ఆడియన్స్ ఎందుకు నవ్వుతున్నారో కూడా అర్థం కాలేదు.

డౌట్లు చాలా ఉన్నాయి, ఓపికున్నవాళ్ళు చెప్పండి. ప్రతిసారీ మొదట్లో ఫోన్ మోగుతుంది, ఆర్చీ అనేవాడు ఎత్తి "డఫీ లేడు" అంటాడు, వెంటనే "ఓ, హలో డఫీ" అంటాడు. ఆ డఫీ ఎప్పటికైనా బారుకి వస్తాడా? మిస్ డఫీ అనే అమ్మాయి గొంతు ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కోలా ఉంటుంది, అది నా చెవుల సమస్యా? కొన్ని రికార్డింగుల్లో టూత్‌పేస్ట్ యాడ్ వస్తుంది, కొన్నింట్లో యాడ్లే ఉండవు, ఉన్నట్టుండి మ్యూజిక్ వచ్చేస్తుంది. ఇంకోటి, బారు అంటారు గానీ అందులో ఎవడూ సరిగ్గా తాగుతున్నట్టే అనిపించదు. అసలు దీన్ని ఎక్కడి నుంచి వినాలి, లేదా నాలాంటివాడికి అక్కర్లేదు వదిలేయ్ అంటారా?

పాతరేడియో:

డఫీ రాడండీ. 1941 మార్చిలో సీబీఎస్ రేడియోలో మొదలై 1951 డిసెంబర్‌లో ఎన్‌బీసీలో ఆగిపోయేదాకా ఆ మనిషి గొంతు మనకి వినపడదు. అదే ఆ షోకి ఆయువుపట్టు.

మీరు ఫోన్ సీన్‌ని దాటేసి వింటున్నారేమో అని నా అనుమానం. ఎపిసోడ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పియానో మీద ఐరిష్ పాట వాయిస్తుంటారు, ఫోన్ మోగుతుంది, ఆర్చీ ఎత్తి "వేర్ ది ఎలీట్ మీట్ టు ఈట్" (గొప్పోళ్ళు తినడానికి కలిసే చోటు) అని గొప్పగా తన బారు నినాదం చెప్పి, తను మేనేజర్ ఆర్చీనని, డఫీ లేడని అంటాడు, ఈలోగా అవతల ఉన్నది డఫీనే అని తెలుస్తుంది. ఇక అక్కడి నుంచి మనకి వినపడేది సగం సంభాషణే. ఆర్చీ ఆగుతాడు, ఆ ఆగిన రెండు క్షణాల్లో డఫీ ఏం అడిగాడో మనమే ఊహించుకోవాలి, ఆర్చీ జవాబుతో అది తేలాలి. నేనే అల్లి ఒక ఉదాహరణ చెప్తాను, షోలోది కాదు: "లేదు డఫీ, మనిషి మంచివాడే... లేదు డఫీ, ఇంకా ఇవ్వలేదు... అదీ ఇవ్వలేదు... సరే డఫీ, మంచివాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నా." చదివితే మామూలుగానే ఉంటుంది. దాన్ని ఎక్కడ ఎంతసేపు ఆగి చెప్పాలో తెలిసినవాడు చెప్తే మాత్రం అవతలి మనిషి పిసినారితనం, అనుమానం, కోపం అన్నీ వినిపిస్తాయి. డఫీకి నటుణ్ని పెట్టి ఉంటే మొదటి సీజన్‌లోనే అందరికీ విసుగొచ్చేది.

ఆర్చీగా చేసింది ఎడ్ గార్డ్‌నర్. న్యూయార్క్‌లోనే, క్వీన్స్‌లోని ఆస్టోరియాలో 1901లో పుట్టినవాడు, కాబట్టి ఆ యాస అరువు తెచ్చుకున్నది కాదు. యాడ్ ఏజెన్సీ తరఫున రేడియో షోలు తయారుచేసే పనిలో ఉండేవాడు, మైకు ముందుకి రావాలన్న ఆలోచనే లేదు. అప్పట్లో న్యూయార్క్ మీద ఒక ప్రోగ్రాం చేస్తూ, అచ్చం ఆ ఊరి వీధి మనిషిలా మాట్లాడేవాడి కోసం వెతికాడు. వచ్చిన నటులెవరూ నచ్చక, ఇలా అనాలయ్యా అని చేసి చూపించబోతే, నువ్వే చెయ్యరాదా అన్నారట. అలా పుట్టాడు ఆర్చీ. చదువు లేదు, కానీ పెద్ద పెద్ద మాటలు వాడాలని మహా సరదా, వాడిన ప్రతిదీ పక్కకి పోతుంది. "లెట్ అస్" అనాల్సిన చోట "లీవ్ అస్" అంటాడు, అదీ ఎంత దర్జాగా అంటాడంటే, కాసేపటికి వాడే కరెక్టేమో అనిపిస్తుంది.

మీకు నవ్వు రాని చోట్లు చాలావరకు ఆ వారం పేపర్ వార్తల మీద జోకులు. వాటి కోసం తల బద్దలు కొట్టుకోకండి, ఈరోజు అమెరికాలో పుట్టిపెరిగినవాళ్ళకీ సగం తెలియవు.

చెవిలోజోరీగ:

రికార్డింగుల సంగతి నేను చెప్తా, నా పిచ్చి అదే కాబట్టి.

యాడ్లు లేనివి సైన్యం కోసం తయారుచేసిన కాపీలు. యుద్ధకాలంలో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రేడియో సర్వీస్ వాళ్ళు పేరున్న షోలన్నీ తీసుకుని, వాణిజ్య ప్రకటనలు కోసేసి, 16 అంగుళాల పెద్ద పెద్ద డిస్కుల మీదకెక్కించి విదేశాల్లో ఉన్న సైనికుల స్టేషన్లకి పంపేవారు. యాడ్ తీసేస్తే టైమ్ మిగులుతుంది కదా, అక్కడ మ్యూజిక్ నింపేవారు. మీకు ఉన్నట్టుండి వినపడేది అదే. ఆ డిస్కులే లేకపోతే ఈరోజు మనకి దొరికేవి ఇంకా తక్కువ ఉండేవి, ఎందుకంటే మొదటి ఏళ్ళవి చాలా ఎపిసోడ్లు పోయాయి.

టూత్‌పేస్ట్ ఇపానా, బ్రిస్టల్ మైయర్స్ వాళ్ళది. బారు కామెడీకి టూత్‌పేస్ట్ స్పాన్సరేంటి అనుకోకండి, మొదట షిక్ రేజర్లు, తర్వాత సాంకా అనే కెఫీన్ లేని కాఫీ, ఆ తర్వాతే టూత్‌పేస్ట్. మీరడిగిన తాగుడు ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. తాగమని చెప్తున్నట్టు జనం అనుకుంటారేమో అని స్పాన్సర్ కంపెనీలో పెద్దమనిషికి టెన్షన్ పట్టుకుని, కొన్నాళ్ళు షో పేరులోంచి టావెర్న్ అనే మాటే పీకేయించాడు. వినేవాళ్ళు మాత్రం పాత పేరుతోనే పిలుస్తూ ఉండటంతో తిరిగి పెట్టక తప్పలేదు. నినాదంలో కూడా "ఈట్" ఉంది గానీ "డ్రింక్" లేదు చూడండి. జోకులన్నీ ఆ బారు తిండి ఎంత ఘోరంగా ఉంటుందో అన్నదాని మీదే ఎక్కువ. చివరికి 1949లో బ్లాట్జ్ బీరు స్పాన్సర్‌గా వచ్చింది, అంటే బారుకి బీరు స్పాన్సర్ దొరకడానికి ఎనిమిదేళ్ళు పట్టింది!

మీ చెవులు బాగానే ఉన్నాయండోయ్. డఫీ కూతురు మిస్ డఫీ నిజంగానే మారిపోతూ ఉంటుంది. మొదట చేసింది షర్లీ బూత్, అప్పటికి గార్డ్‌నర్ భార్య. 1942లో విడాకులయ్యాయి, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు చేసి 1943లో మానేసింది. విడిపోయిన మొగుడితో వారం వారం మైకు ముందు నిలబడి పోట్లాట జోకులు చెప్పడం, తలుచుకుంటేనే నాకు చెమటలు పడతాయి. తర్వాత ఆవిడ స్టేజి మీద ఎదిగి, 1952లో వచ్చిన "కమ్ బ్యాక్, లిటిల్ షీబా" సినిమాకి ఆస్కార్ కొట్టింది. ఆవిడ వెళ్ళాక ఫ్లారెన్స్ హాలప్, సాండ్రా గౌల్డ్, హేజెల్ షెర్మెట్, ఇంకా చాలామంది వచ్చారు, పోయారు. గార్డ్‌నర్‌కి ఒక పట్టాన ఎవరూ నచ్చేవారు కాదు, ఎవరొచ్చినా వాళ్ళలో షర్లీ బూత్ గొంతే వెతికేవాడని చెప్పుకుంటారు.

రాత్రిషిఫ్ట్:

థాంక్యూ, ఫోన్ సీన్ గురించి చెప్పాక మళ్ళీ వింటే నిజంగానే వేరేలా ఉంది, ఆ మౌనాలు అసలు పట్టించుకోలేదు ఇన్నాళ్ళూ. ఇంకో డౌట్. సినిమా స్టార్లు ఎవరో ఒకరు ప్రతిసారీ ఆ బారుకి వస్తుంటారేంటి? అంత పాడుబడ్డ చోటుకి అంతటివాళ్ళు ఎందుకొస్తారు, కథలో దానికేమైనా కారణం ఉందా?

పాతరేడియో:

కారణమేమీ ఉండదు, అదే సరదా. ఎంత పెద్ద స్టార్ వచ్చినా ఆర్చీ ఏమాత్రం జంకడు, పైగా వాళ్ళనే చిన్నబుచ్చుతాడు, తను రాసిన నాటకంలోనో ఒపేరాలోనో వేషం వెయ్యమంటాడు, అదీ ఉచితంగా. ఆ స్టార్లకీ అదే కావాలి, మర్యాదగా ఇంటర్వ్యూ చేసే షోలు బోలెడు ఉన్నాయి, ముఖం మీద వెక్కిరించేది ఇదొక్కటి. దీన్నే నమ్ముకుని పారామౌంట్ వాళ్ళు 1945లో సినిమా తీసి బింగ్ క్రాస్బీ, బెట్టీ హట్టన్, ఆలన్ లాడ్, డొరొతీ లామూర్ లాంటివాళ్ళందర్నీ అందులో కుక్కేశారు. సినిమా చూడక్కర్లేదు, బారు కన్నా స్టూడియోనే ఎక్కువ కనిపిస్తుంది.

మొహమాటంలేనోడు:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాలి. ఈ షో వరసపెట్టి వింటే భరించలేం. నేను విన్నవాటిల్లో సగానికి పైగా ఒకటే అచ్చు: ఆర్చీకి డబ్బు కావాలి లేదా ఎవరి ముందో గొప్పగా కనపడాలి, ఓ పథకం వేస్తాడు, బారుకి రోజూ వచ్చే ఫినెగన్ దాన్ని చెడగొడతాడు, వెయిటర్ ఎడ్డీ ఓ మాట విసురుతాడు, అయిపోయింది. ఫినెగన్ మరీను, వాడి బుర్రలేనితనం మొదటిసారి నవ్విస్తుంది, తర్వాత "డుహ్" అని మొదలుపెట్టగానే ముందుకి జరిపేస్తాను. అలా చేసిన చార్లీ కాంటర్ మంచి నటుడే, రాసినవాళ్ళే వాడికి ఇంకేం ఇవ్వలేదు.

1949 తర్వాతవైతే అసలు ముట్టుకోకండి. పన్ను మినహాయింపు దొరుకుతోందని గార్డ్‌నర్ షో మొత్తాన్ని మూటగట్టుకుని ప్యూర్టో రికో దీవికి వెళ్ళిపోయాడు. పన్ను మిగిలింది, ప్రాణం పోయింది. స్టార్లు న్యూయార్క్‌లోనో హాలీవుడ్‌లోనో ఉంటే పరిగెత్తుకుని స్టూడియోకి రావచ్చు, దీవికి ఎంతమంది వస్తారు? థర్డ్ ఎవెన్యూ బారు గురించి కొబ్బరిచెట్ల కింద కూర్చుని రాస్తే ఎలా ఉంటుందో అలానే ఉన్నాయి అవి. 1954లో టీవీకి కూడా తెచ్చారు, ఆర్చీగా గార్డ్‌నరే చేశాడు, ఒక్క ఏడాదిలో దుకాణం కట్టేశారు. కళ్ళతో చూస్తే అదొక మామూలు సెట్, నాలుగు కుర్చీలు, ఓ కౌంటరు. రేడియోలో మనం ఊహించుకున్న ఆ మురికి బారు దాని కన్నా వందరెట్లు నయం.

ఇంకోటి, చీర్స్‌కి ఇదే తాత అని అందరూ అంటారు, చీర్స్‌లో మనుషులు మారతారు, ప్రేమిస్తారు, విడిపోతారు, ఏళ్ళు గడుస్తాయి. ఇందులో పదేళ్ళయినా ఎవడూ అంగుళం కదలడు. బారు ఉందని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

కౌంటర్‌వెనక:

మొహమాటంలేనోడు గారూ, ప్యూర్టో రికో గురించి మీరన్నదాంతో నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటా. కానీ ఎడ్డీని "ఓ మాట విసురుతాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అక్కడ ఒప్పుకోను.

ఎడ్డీ వెయిటర్‌గా చేసింది ఎడ్డీ గ్రీన్, నల్లజాతి కమెడియన్. ఆ కాలం రేడియోలో నల్లవాళ్ళ పాత్రలు ఎలా ఉండేవో ఇక్కడ చాలామందికి తెలుసు, ఏమాస్ అండ్ ఆండీ అనే కామెడీలో నల్లజాతి ముఖ్య పాత్రలిద్దర్నీ తెల్లవాళ్ళే గొంతు మార్చి చేసేవారు. అలాంటి రోజుల్లో ఈ బారులో బుర్రున్నవాడు ఎవరయ్యా అంటే ఎడ్డీయే. ఆర్చీ తెచ్చిపెట్టుకున్న పెద్ద మాటలన్నీ చెప్పుకుంటూ పోతుంటే వింటాడు, అరవడు, మెల్లగా, దాదాపు సానుభూతిగా ఒక వాక్యం అంటాడు, గాలి మొత్తం పోతుంది. మీరు ఈసారి వినేటప్పుడు ఆర్చీని వదిలేసి ఎడ్డీ ఎప్పుడు నోరు తెరుస్తాడా అని చూడండి. నవ్వు రావడానికి ముందు ఆడియన్స్‌లో ఒక చిన్న కదలిక వినపడుతుంది, వాళ్ళకి ముందే తెలుసు ఏదో పడబోతోందని. వెయిటర్ అన్న చట్రం నుంచి మాత్రం బయటికి రానివ్వలేదు, అది ఆ కాలపు రోత, దాన్ని కాదనను.

ఆ మనిషి జీవితం షో కన్నా పెద్దది. "ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్" పాట ఆయన రాసి బాణీ కట్టిందే, 1918లో అచ్చయింది, తర్వాత బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాడింది. 1930ల చివర్లో సొంత కంపెనీ పెట్టి నల్లవాళ్ళ కోసం చిన్న సినిమాలు కూడా తీశాడు. చెప్పానుగా, ఏమాస్ అండ్ ఆండీ, అందులోనూ తర్వాత లాయర్ స్టోన్‌వాల్‌గా చేశాడు. 1950లో పోయాడు. మీరు చివరి సీజన్లు చచ్చిపడ్డాయన్నారు కదా, దానికి దీవి ఒక్కటే కారణం కాదు, ఆర్చీ మాటలకి సూది గుచ్చే మనిషి లేకుండా పోయాడు.

పాతరేడియో:

చీర్స్ బంధుత్వం గురించి. పోలిక ఒక్క బారు వల్ల వచ్చింది కాదండీ, అక్కడ నిజంగానే రక్తసంబంధం ఉంది. డఫీస్ టావెర్న్‌కి మొదట్లో గార్డ్‌నర్‌తో కలిసి ప్రాణం పోసిన హెడ్ రైటర్ ఏబ్ బరోస్. ఈయన కొడుకు జేమ్స్ బరోస్, 1982లో గ్లెన్ చార్లెస్, లెస్ చార్లెస్ అన్నదమ్ములతో కలిసి చీర్స్‌ని సృష్టించింది ఆయనే, ఎపిసోడ్లలో చాలా భాగం డైరెక్ట్ చేసిందీ ఆయనే. తండ్రి న్యూయార్క్ బారు పెడితే కొడుకు బోస్టన్‌లో పెట్టాడు. చీర్స్‌లో నార్మ్ భార్య వీరా మొహం మనకి సరిగ్గా ఎప్పుడూ చూపించరు గుర్తుందా? డఫీని వినిపించకపోవడం నేర్పిన పాఠం ఇంట్లోనే ఉండగా ఆయన ఇంకెక్కడికో వెళ్ళాల్సిన అవసరం ఏముంది అని నా ఊహ, రుజువడిగితే లేదు.

మనుషులు మారరు అన్నది ఒప్పుకుంటాను. కానీ వారానికి ఒక్క అరగంట, తప్పిపోతే మళ్ళీ వినే దారి లేదు, అలాంటప్పుడు పోయినవారం ఆర్చీ ఎవరితో విడిపోయాడో గుర్తుపెట్టుకోమనడం కుదరదు. ఈరోజు మనం ఫోల్డర్ నిండా పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి మింగేస్తూ అన్నీ ఒకేలా ఉన్నాయని అంటున్నాం. వారానికొకటి వినే మందుని సీసా ఎత్తి తాగేస్తున్నాం.

ఏబ్ బరోస్ ఇక్కడ ఆర్చీకి మాటలు రాసి రాసి, 1950లో బ్రాడ్‌వే మీద "గైస్ అండ్ డాల్స్" మ్యూజికల్‌కి వెళ్ళాడు, అందులోని జూదగాళ్ళ భాష వింటే ఆర్చీ చుట్టాల్లా అనిపిస్తారు. ఇక లారీ గెల్బార్ట్, తర్వాత టీవీలో మాష్ అనే కామెడీ చేసినాయన, ఇంకా టీనేజ్‌లో ఉండగానే ఇక్కడ రైటర్‌గా చేరాడు. గార్డ్‌నర్ రైటర్లని పీల్చి పిప్పి చేసేవాడు, తీసేస్తూ పెట్టుకుంటూ ఉండేవాడు, ఒక్కో జోకు మీద ఎంతమంది కూర్చునేవారో తెలియదు గానీ అక్కడ నిలబడినవాళ్ళు మాత్రం తర్వాత ఎక్కడైనా బతికేశారు. పోలీసు క్లాన్సీగా చేసిన ఆలన్ రీడ్ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటే, ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్‌లో ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ గొంతు ఆయనదే.

చెవిలోజోరీగ:

వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక, నెట్‌లో ఫైళ్ళ మీద వేసిన తేదీలు గుడ్డిగా నమ్మకండి. సైన్యం కాపీల మీద అసలు ప్రసారమైన తేదీ ఉండదు, అప్‌లోడ్ చేసినవాళ్ళు అంచనాగా వేసేశారు. ఒకే ఎపిసోడ్ రెండు పేర్లతో ఉంటుంది. మిస్ డఫీ గొంతు, వచ్చిన గెస్టు, యాడ్ ఉంటే ఏ కంపెనీది, ఈ మూడూ చూసుకుంటే ఏ కాలందో దాదాపుగా తేల్చుకోవచ్చు. రేజరు అయితే 1941 ప్రాంతం, కాఫీ అయితే ఆ వెంటనే, టూత్‌పేస్ట్ అయితే మధ్య ఏళ్ళు, బీరు వినపడిందంటే దీవిలో ఉన్నట్టు.

మొహమాటంలేనోడు:

సరే, ఎడ్డీ గ్రీన్ విషయంలో కౌంటర్‌వెనక గారి మాట వింటాను, ఈ వారం మళ్ళీ వింటా. ఫినెగన్ విషయంలో మాత్రం తగ్గేదే లేదు. వారానికొకటి అన్నా వాడు వాడే.

కౌంటర్‌వెనక:

అసలు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. 1943 నుంచి 1946 మధ్యవి పట్టుకోండి, అందులోనూ ఎడ్డీ, ఫినెగన్, క్లాన్సీ ముగ్గురూ ఉన్నవి. గెస్టు మీకు తెలిసినవాడైతే ఇంకా మంచిది, తెలియనివాడైతే ముందు ఆయనెవరో ఒక్క నిమిషం చూసుకుని వినండి, వెక్కిరింపంతా ఆయన పేరు ప్రతిష్ఠల మీదే ఉంటుంది కాబట్టి. షర్లీ బూత్ ఉన్నది ఏది దొరికినా వదలొద్దు, అవి తక్కువే మిగిలాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, పాత డిస్కుల గరగర ఉంటుంది, ఆర్చీ నోట్లో సగం మింగేసే మాటలు స్పీకర్‌లో అసలు తెలియవు.

రాత్రిషిఫ్ట్:

నా దగ్గరున్న వాటిల్లో ఎక్కువ బీరు యాడ్‌వే, ఇప్పుడర్థమైంది ఎందుకు ఎక్కలేదో. 1944 అని రాసి ఉన్నవి ఓ పది పెట్టుకున్నా, తేదీలు నిజమో కాదో టూత్‌పేస్ట్ చెప్తుంది కదా. ఏదైనా తేడాగా ఉంటే ఇక్కడే వేస్తా, చెవిలోజోరీగ గారు తేల్చాలి.